మలివయసున పౌరోహిత్యము



ముప్పదినాలుగు సంవత్సరములు పాఠశాలలో తెలుగును, సంస్కృతమును బోధించి, ఉద్యోగవిరతి నొందిన పిదప నేను పౌరోహిత్యము నభ్యసించి, గృహప్రవేశములును వివాహములును జరిపించుచున్నాను. మా మలక్‌పేటలో ఈ మార్గము పట్టినవాడను నేనొక్కడనే కాను. రైల్వేలో గుమాస్తాగా నుండినవా రొకరు, ఖజానా లెక్కలు వ్రాసినవా రొకరు, బడిలో గణితము చెప్పినవా రొకరు నాకు తోడుగా నున్నారు. మలక్‌పేట గోలకొండ సుల్తానగు అబ్దుల్లా కుతుబ్‌షా నాటి మాలిక్ యాకూబు పేర వెలసినదని ప్రతీతి. 1886 నుండి అది గుఱ్ఱపు పందెములకు ప్రసిద్ధి కెక్కినది. పరుగు చాలించిన ముసలి గుఱ్ఱములకు పందెపు మైదానమున పని లేదు గాని, పరుగు చాలించిన ముసలి పంతుళ్లకు పెండ్లిపందిట పని దొరకినది.

అయితే పల్లెలనుండి వచ్చు పెద్దలు నన్నొక ప్రశ్న యడుగుచుందురు. “పంతులుగారూ, పౌరోహిత్యము తాతతండ్రులనాడు వచ్చునది గదా. అఱువదవ యేట నేర్చుకొని చేయించిన పెండ్లి చెల్లునా?” అని. ఇది పరిహాసమునకు వేసిన ప్రశ్న కాదు. చెల్లని పెండ్లివలన చెడునది పురోహితుని పేరు కాదు, ఆడపిల్ల బ్రతుకు. కావున దీనికి నోటిమాటగా కాక, చరిత్ర చూపి యుత్తరము చెప్పవలసియున్నది. నేటి నా ప్రసంగము ఆ యుత్తరమే.

మొదట మాట యర్థము విచారింతము. పురోహితుడనగా ముందుంచబడినవాడు. తనంతట తాను ముందు నిలిచినవాడు కాడు. యజమానుడు, బంధువులు, ఊరివారు కలసి ముందు నిలిపినవాడు. మన గ్రామములలో పన్నిద్దరు ఆయగాండ్రుండిరి. వారిలో కరణము, రెడ్డి, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి మొదలగువారితోపాటు పురోహితుడును ఒకడు. కళ్లమునుండి గింజలు కొలిచి వీరందఱకును ఊరు భృతి యిచ్చెడిది. కొందఱకు మాన్యములును కలవు. కాలక్రమమున ఆ భృతి తండ్రినుండి కొడుకునకు సంక్రమించుటచే, ఊరు నిలిపినవాడను మొదటి యర్థము మఱుగుపడి, పుట్టుకచే వచ్చినవాడను రెండవ యర్థము బలపడెను. ఇక్కడ నొక సంగతి గుర్తుంచుకొనవలెను. ఆ రోజులలో సైతము తెలుగునాట పెండ్లిండ్లన్నియు ఒక్కచేతిమీదుగానే నడచినవి కావు. వీరశైవుల యిండ్లలో జంగమయ్యలును, కొన్ని కులములకు సాతానులును, మఱికొన్నిటికి దాసరులును కార్యములు నడపుచుండిరి. విశ్వబ్రాహ్మణులకు వారి పురోహితులు వారిలోనే యుండిరి.

ఈ విశ్వబ్రాహ్మణుల విషయమే మొట్టమొదట న్యాయస్థానము నెక్కినది. తమ వారిచేతనే వేదమంత్రములతో వివాహము జరిపించుకొనగా, పంచాంగము చెప్పు బ్రాహ్మణులు అది తమ హక్కని అభ్యంతరపెట్టిరి. చిత్తూరు జిల్లా అదాలతులో వ్యాజ్యము నడచెను. 1818లో తీర్పు విశ్వబ్రాహ్మణుల పక్షమున వెలువడెను. నేటికి రెండువందల యేండ్లు దాటినను, ఆ తీర్పును పుస్తకముగా అచ్చొత్తించి దాచుకొనిన కుటుంబములు కలవు. పెండ్లి చేయించు నధికారము ఒక్క వంశపు సొత్తు కాదని మన దేశమున సర్కారు ముద్రతో తేలిన తొలి సందర్భములలో నది యొకటి.

తరువాతి ఘట్టము రాజమహేంద్రవరమున జరిగినది. 1856లో వితంతు వివాహమును సమ్మతించుచు చట్టము వచ్చెను. చట్టము వచ్చినను ఇరువదియైదేండ్ల వఱకు తెలుగునాట పందిరి లేవలేదు. కారణమేమి? కాగితము అనుమతించినను, ఊరిలోని చేతులు అనుమతింపలేదు. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన కందుకూరి వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహమును జరిపించిరి. వరుడు గోగులపాటి శ్రీరాములు, వధువు గౌరమ్మ. కాకినాడ వర్తకులగు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. పంతులుగారి శిష్యులగు విద్యార్థులు కాపలా నిలిచిరి. బహిష్కారమునకు వెఱచి వంటవారును నీళ్లు మోయువారును రాక మానిరి. అప్పుడు పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీళ్లు తెచ్చి వంట చేసిరి.

పండితులు ఈ కథలో శాస్త్రవాదమును మాత్రమే చూతురు. నాకు అందు మఱియొక సంగతి కన్పట్టుచున్నది. ఒక శుభకార్యమునకు అలవాటుపడిన చేయి ముడుచుకొనినప్పుడు, ఆ పనిని ఎవరో యొకరు తలకెత్తుకొనవలసి వచ్చును. నీళ్లకావడి రాకున్న గృహిణి కడవ యెత్తెను. పందిటి బాధ్యత నెవ్వరును మోయకున్న బడిపంతులు దానిని మోసెను. వీరేశలింగము పంతులుగారు వృత్తిచే నుపాధ్యాయులని మఱువకుడు. మన చరిత్రలో ఇట్టి పని కొత్తగా చేపట్టినవారు తఱచుగా ఉపాధ్యాయులు, న్యాయవాదులు, రచయితలు. అనగా చెప్పి యొప్పించుట వృత్తిగా గలవారు.

ఇక మన హైదరాబాదు సంగతి. స్వామి దయానంద సరస్వతి 1875లో బొంబాయిలో ఆర్యసమాజమును స్థాపించి, 1877లో సంస్కారవిధి యను గ్రంథమును వెలువరించిరి. 1892లో మా నగరమున సుల్తానుబజారునందు ఆర్యసమాజ శాఖ యేర్పడెను. అందు హోమము చేయించుటకు పుట్టుక ప్రమాణము కాదు, చదువు ప్రమాణము. కులాంతర వివాహములు చేసికొనినవారికి, పురోహితుడు దొరకనివారికి అది యాశ్రయమయ్యెను. ఆర్యసమాజ వివాహముల విషయమున సందేహము లేకుండుటకై బ్రిటిషు ఇండియాలో 1937లో ప్రత్యేకముగా చట్టము చేయవలసి వచ్చెను. మా మలక్‌పేటనుండి మూసీ వంతెన దాటినచో చాదర్‌ఘాటు. అక్కడి ఆది హిందూ భవనము భాగ్యరెడ్డివర్మగారి కృషికి గుర్తుగా నిలిచినది. 1888లో జన్మించి 1939లో కీర్తిశేషులైన ఆయనకు వర్మ యను బిరుదు ఆర్యసమాజము వారిచ్చినదే. 1906లో ఆయన స్థాపించిన జగన్మిత్రమండలి హరికథలద్వారా జనులకు బోధచేసెను. బాల్యవివాహములు మానుడనియు, శుభకార్యములలో కల్లు సారా వలదనియు ఆయన యూరూర తిరిగి చెప్పిరి. ముహూర్తము పెట్టువానికి మంత్రమెంత ముఖ్యమో ఈ హితవును అంత ముఖ్యమని నా యభిప్రాయము.

నా ప్రసంగవిషయమునకు అన్నిటికంటె దగ్గఱ యుదాహరణము త్రిపురనేని రామస్వామి చౌదరిగారు. కృష్ణా మండలమున అంగలూరున 1887లో జన్మించిరి. ఐర్లండు దేశమున డబ్లినులో న్యాయశాస్త్రము చదివి బారిష్టరయిరి. తెనాలి పురపాలకసంఘమునకు అధ్యక్షులుగా నుండిరి. ఇంత హోదాగల బారిష్టరు, వకీలు గౌను ప్రక్కకు బెట్టి పందిటిలో కూర్చుండి పెండ్లిండ్లు జరిపించిరి. వివాహ విధి యను పేర తెలుగు మాటలలో పెండ్లి తంతును రచించిరి. పౌరాణిక విషయములలో ఆయన వాదములన్నిటితో సంప్రదాయమున చదివిన నావంటివాడు ఏకీభవింపజాలడు. కాని ఆయన వేసిన మూలప్రశ్నకు నేటికిని నావద్ద ఎదురు సమాధానము లేదు. వరుడు తానేమి ప్రతిజ్ఞ చేయుచున్నాడో తనకు తెలియకుండ చేసిన ప్రతిజ్ఞకు విలువ యెంత? వధువు విని గ్రహింపని మాట ఆమెకు రక్షణ యెట్లగును? ఆ కాలముననే తీరాంధ్రమున స్వసంఘ పౌరోహిత్యమను నుద్యమము లేచెను. ఎవరి సంఘములోని పెద్దలు వారిలోనే తంతు నేర్చి నడుపుకొనుట దాని యాశయము.

మఱికొందఱు దేవుని పేరు సైతము లేకుండ వివాహము జరుపవచ్చుననిరి. వృక్షశాస్త్రోపన్యాసకులుగా పనిచేసిన గోపరాజు రామచంద్రరావుగారు, గోరాగారని ప్రసిద్ధులు, తమ పెద్దకుమార్తె మనోరమను హరిజన యువకుడగు అర్జునరావుగారికిచ్చి సేవాగ్రామమున వివాహము చేయ సంకల్పించిరి. గాంధీమహాత్ముడు దీనికి సమ్మతించి, ప్రమాణములో దేవుడను మాటకు మాఱుగా సత్యమను మాట వాడుదమనిరి. వివాహము జరుగుటకు ముందే 1948 జనవరి 30వ తేదీన మహాత్ముడు హతులయిరి. అయినను ఆ మార్చి 13వ తేదీన సేవాగ్రామముననే ఆ పెండ్లి జరిగెను. ఆస్తికులు, నాస్తికులు ఒక్క మాటమీద కలిసిరి చూడుడు: సాక్షులయెదుట పలికిన మాట సత్యముగా నుండవలెను.

స్త్రీలు కార్యము నడిపింపవచ్చునా యని మఱియొక సందేహము. మన నగరముననే మల్లాది సుబ్బమ్మగారు, 1924లో జన్మించి 2014లో పరమపదించినవారు, పెండ్లియై బిడ్డలు కలిగిన తరువాత చదువుకొని, నడివయసు దాటిన పిదప సంఘసేవలో దిగి, ఆడంబరములేని కులాంతర వివాహములు అనేకము దగ్గఱనుండి జరిపించిరి. పుణెలో జ్ఞానప్రబోధిని సంస్థవారు స్త్రీలకు పౌరోహిత్యము నేర్పుచున్నారు. ఇది విపరీతమని తోచినవారికి రెండు మాటలు మనవి చేసెదను. ఋగ్వేదము పదియవ మండలములో ఎనుబదియైదవ సూక్తమే మన వివాహమంత్రములకు మూలము. దానికి ఋషి సూర్యాసావిత్రి యను స్త్రీ. తెలుగునాట పెక్కుమంది యనుసరించు ఆపస్తంబ గృహ్యసూత్రములో, వివాహాచారములను స్త్రీలనుండి తెలిసికొనవలెనని చెప్పబడియున్నది. సూత్రకారుడే ముత్తైదువుల యెదుట శిష్యుడై కూర్చుండగా మనకేల బిడియము?

ఇప్పుడు మలివయసువారి వంతు ఎట్లు వచ్చినదో చెప్పెదను. తెలంగాణమున 1955లోను, ఆంధ్రమున 1956లోను ఇనాముల రద్దు చట్టములు వచ్చెను. మాన్యము తరిగెను. కళ్లము భృతి నానాటికి సన్నగిల్లెను. పురోహితుల పుత్రులు ఇంగ్లీషు చదివి కార్యాలయములకు, పరదేశములకు పోయిరి. వారిని తప్పుపట్టుటకు లేదు. ఏడాదికి నాలుగు మాసములు ముహూర్తములు లేని వృత్తితో ఇల్లు గడచుట కష్టము. ఫలితమేమనగా, శ్రావణమాసమున నొక్క పురోహితుడు ఒక్కదినముననే నాలుగు పందిళ్లకు పరుగిడవలసి వచ్చుచున్నది. ముహూర్తము ముందు, లాజహోమము వెనుక, సప్తపది ఛాయాచిత్రకారుని యాజ్ఞమేరకు. ఈ తొందరలో తీరికగల మనుష్యునికి గిరాకి కలిగినది. పింఛనుగల వృద్ధునకు ఇంటి ఖర్చుకై పరుగు లేదు. ఒక్క పూట ఒక్క పెండ్లి చాలునని కూర్చుండగలడు. అదియే మా బలము.

మా బలహీనత కూడ దాచక చెప్పవలెను. వేదస్వరము బాల్యమున నాలుకకు పట్టవలెను. ఉదాత్తానుదాత్తములు అఱువదవ యేట అభ్యసించినవాని గొంతులో చిన్ననాడు గురుకులమున చదివినవాని యంత నిండుగా పలుకవు. నేను సంస్కృతవ్యాకరణము చదివినవాడనే యైనను, ఒక వృద్ధ ఘనపాఠి పాదములకడ రెండు సంవత్సరములు కూర్చుండిన తరువాతగాని పందిటిలో నోరు విప్పలేదు. నేటికిని పెద్ద క్రతువులు వచ్చినచో స్వాధ్యాయపరులనే పిలువుడని చెప్పెదను. నాకు చేతనైన పని వేఱు. పాణిగ్రహణమున వరుడేమి పలుకుచున్నాడో, ఏడడుగులలో ఏ యడుగునకు ఏ ప్రార్థనయో, తెలుగున చెప్పి, ఇద్దఱును తలయూపిన పిమ్మట ముందునకు సాగుదును. ఇది బడిలో చేసిన పనియే. నల్లబల్ల లేదు, అంతే.

ఇక మొదటి ప్రశ్నకు వచ్చుచున్నాను. ఇట్టివాడు చేయించిన పెండ్లి చెల్లునా? 1955వ సంవత్సరపు హిందూ వివాహ చట్టము ఏడవ విభాగము చెప్పునదేమనగా, వధూవరులలో ఏ యొకరి యాచారము ప్రకారముగానైనను వివాహము జరుగవలెను. ఆ యాచారములో సప్తపది యున్నచో ఏడవ యడుగుతో వివాహము పూర్తియగును. జరిపించువాని కులము, వయస్సు, అతడు పురుషుడా స్త్రీయా యను విషయము చట్టములో లేనే లేదు. కావున పురోహితుడు వృద్ధుడైనందున పెండ్లి చెడదు. తంతు చెడినచో పెండ్లి చెడును.

చెడుటకు దృష్టాంతము కలదు. తమిళనాట స్వాభిమాన వివాహమను పేర, పురోహితుడు, అగ్ని లేకుండ దండలు మార్చుకొని పెండ్లాడిన దంపతులు వేలకొలది యుండిరి. 1953లో మదరాసు హైకోర్టు ఒక వ్యాజ్యమున అట్టి వివాహము చట్టమున చెల్లదని తీర్పు చెప్పెను. సభ మెచ్చిన పెండ్లి, ఉపన్యాసములు పలికిన పెండ్లి, న్యాయస్థానమున నిలువలేదు. 1967లో తమిళనాడు శాసనసభ చట్టమును సవరించి అట్టి వివాహములను, వెనుక జరిగినవానిని సైతము, సక్రమము చేసెను. మన తెలుగు రాష్ట్రములలో అట్టి సవరణ లేదు. రిజిష్టరు కాగితము మాత్రమే హిందూ వివాహ చట్టము క్రింద పెండ్లిని కలుగజేయదని 2024లో సుప్రీముకోర్టు కూడ చెప్పినది. తంతు వలదనుకొనువారికి 1954వ సంవత్సరపు ప్రత్యేక వివాహ చట్టమున్నది: ముప్పది దినముల నోటీసు, ముగ్గురు సాక్షులు, అధికారి యెదుట ప్రమాణము. ఈ భేదము తెలియని కొత్త పురోహితుడు ఎంత సహృదయుడైనను పిల్లకు కీడు చేయగలడు.

అంతకంటె పెద్ద విషయము వయస్సు. వధువునకు పదునెనిమిది, వరునకు ఇరువదియొకటి నిండవలెను. 2006వ సంవత్సరపు బాల్యవివాహ నిషేధ చట్టము పదియవ విభాగము ప్రకారము బాల్యవివాహమును జరిపించినవానికి, నడిపించినవానికి, ప్రోత్సహించినవానికి రెండేండ్లవఱకు కఠినశిక్షయు, లక్షరూపాయలవఱకు జరిమానాయు విధింపవచ్చును. అక్షతలు వేసిన చేయియే సంకెల తొడుగుకొనవలసి వచ్చునన్నమాట. పిల్ల పుట్టిన తేదీగల పత్రమును కన్నులార చూడనిదే నేను లగ్నపత్రిక వ్రాయను. కొందఱు దీనికి కోపగించి వెడలిపోయిరి. పోనిండు. జాతకము చూచుటకు పుట్టినతేదీ నిచ్చువారు, వయస్సు చూచుటకు ఇవ్వకుండుటేల?

ఈ మార్పు మన దేశమునకే పరిమితము కాదు. ఆస్ట్రేలియాలో 1973లో అటార్నీజనరలుగా నుండిన లయొనెల్ మర్ఫీగారు, మతాచార్యులు కాని సామాన్యులకు పెండ్లి జరిపించు నధికారమిచ్చు పద్ధతిని ప్రారంభించిరి. 2022లో ఆ దేశపు వివాహములలో నూటికి ఎనుబది ఇట్టివారి చేతులమీదుగానే జరిగినవి. జీవితమున రెండవ వృత్తిగా దీనిని చేపట్టినవారు వారిలో అనేకులు. అయితే అక్కడ శిక్షణ పొంది, సర్కారు పట్టికలో పేరు నమోదైనవానికే ఆ యధికారము. మనకు అట్టి పట్టిక లేదు. మన పట్టిక ఊరి పెద్దల నోరే.

అందుచేత, పల్లెలలో వినుచున్న పెద్దలారా, మీకు నా మనవి యిది. పందిటికి పిలుచుటకు ముందు పురోహితుని, యువకుడైనను వృద్ధుడైనను, నాలుగు ప్రశ్న లడుగుడు. ఎవరియొద్ద నభ్యసించితివి? సప్తపది యర్థమును మా పిల్లలకు తెలుగున చెప్పగలవా? వధూవరుల వయఃపత్రములు చూతువా? పెండ్లియైన తరువాత వివాహ నమోదునకు సాక్షిగా సంతకము చేయుటకు వత్తువా? నాలుగింటికిని అవునన్నవానిని ముందునకు నిలుపుడు. కాదన్నవాడు ఏడుతరముల పురోహితవంశమున పుట్టినను వెనుకకే నిలుపుడు.

ఉద్యోగవిరతి నొందిన నా తోడివారలకు కూడ నొక్కమాట. మీకు ఓపిక యున్నచో ఈ పని నేర్చుకొనుడు. సంభావనకై కాదు, సంభావన పింఛనుకంటె మిక్కిలి తక్కువ. ఒక దంపతుల జీవితమునకు మొదటి సాక్షి యగుట వృద్ధునకు దక్కు గౌరవములలో పెద్దది. కాని తొందరపడకుడు. ముందు గురువును వెదకుకొనుడు, పిదప చట్టము చదువుడు, చివరకు పందిరి యెక్కుడు. ఊరు మిమ్ము ముందుంచునది మీ నెరసిన తలను చూచి కాదు. మీ మాట పదియేండ్ల తరువాతను నిలుచునను నమ్మకముచేత.